వాన కోసం ఆగలేని కాగితపు కుండీలు

పదవీ విరమణకు కొన్నేళ్ల ముందు, ఒక ఎండాకాలం చివర్లో నన్ను ఆలూరు ప్రాంతానికి సెక్షన్ ఆఫీసర్‌గా బదిలీ చేశారు. మొక్కలు పెంచి రోడ్ల పక్కన, చెరువు కట్టల మీద, రైతుల చేను గట్ల మీద నాటించే విభాగం మాది. అడవిలో ఉద్యోగం అనుకుని ఈ శాఖలో చేరినవాణ్ని. చివరి పదేళ్లు చెట్టే లేని నేలల్లో గడిపాను. సెక్షన్ ఆఫీసర్ అంటే పెద్ద పదవేమీ కాదు. పైన రేంజ్ ఆఫీసరు ఉంటాడు, కింద నర్సరీలో నీళ్లు పట్టే వాచర్లు, కూలీలు ఉంటారు. పైనుంచి వచ్చిన ఉత్తర్వు ప్రకారం కింద మనుషుల చేత పని చేయించడమే మధ్యలో ఉన్నవాడి ఉద్యోగం.

మా నర్సరీ ఆలూరుకు కొంత దూరంలో ఒక పల్లె పొలిమేరలో ఉండేది. ఒక బోరు, ఒక రేకుల షెడ్డు, వరసగా మొక్కల మళ్లు. చింత, కానుగ, వేప, సీతాఫలం నల్ల పాలిథిన్ కవర్లలో పెంచేవాళ్లం. అడుగున, పక్కల చిల్లులు కొట్టి ఉంటాయి గనక ఆ కవరును ఎక్కడ చూసినా నర్సరీ కవరని గుర్తుపట్టవచ్చు. నాటే రోజున కూలీ బ్లేడుతో కవరును నిలువునా చీల్చి, మట్టిగడ్డ చెదరకుండా మొక్కను గుంతలో దించి, కవరును పక్కన పారేస్తాడు. పారేయకుండా ఏరి తేవాలని నిబంధన ఉంది. కానీ మొక్కకు ఇంత అని కూలి కట్టినప్పుడు కవర్లు ఏరే తీరిక ఎవరికీ ఉండదు.

నేను వెళ్లిన కొత్తలోనే ఆ పల్లెలో ఒక ఎద్దు చచ్చిపోయింది. అది లింగప్ప అనే రైతుది. ఆయనకు కొద్దిపాటి నల్లరేగడి చేను, ఒక జత ఎద్దులు ఉండేవి. తన సేద్యం అయ్యాక అరకతో ఇతరుల చేలల్లో గుంటక తోలి బతికేవాడు. అంతకు ముందు ఏడు ఆయన చేను పక్క బాట వెంట ఎవరో కాంట్రాక్టరు కూలీలు మొక్కలు నాటి పోయారట. పచ్చగడ్డి లేని నెలల్లో ఎద్దు గట్టు వెంట దొరికిందల్లా మేసింది. నెమరు మానేసింది, కడుపు ఉబ్బింది, నాలుగు రోజులు పడుకున్నచోటే ఉండి చచ్చిపోయింది. పశువుల డాక్టరు కడుపు కోసినప్పుడు, మొక్కల కవర్లని ఎవరో చెప్పగా, నన్నూ పిలిపించారు.

లోపల నల్ల కవర్లు గడ్డితో కలిసి మోకులాగా పేనుకుని ఉన్నాయి. డాక్టరు ఒకదాన్ని నీళ్లతో కడిగి విప్పి చూపించాడు. చిల్లులు వరసగా కనిపించాయి.

లింగప్ప నాతో గొడవ పడతాడని అందరూ అనుకున్నారు. ఆయన దగ్గరికొచ్చి కవరును వేలితో తాకి చూసి, "ఇవి మీ చెట్ల కవర్లేనా సారూ?" అని మాత్రం అడిగాడు.

అవునన్నాను.

"ఊరికే తెలుసుకుందామని అడిగితి" అన్నాడు.

జతలో ఒకటి పోతే రెండోదానితో సేద్యం సాగదు. కొత్త ఎద్దును కొనే శక్తి లేక, మిగిలిన దాన్ని ఆయన ఆదోని సంతలో అమ్మేశాడు. సంత నుంచి వచ్చాక ఆయన మాట్లాడటం బాగా తగ్గిపోయిందని భార్య ఉరుకుందమ్మ తర్వాత చెప్పింది. "పలుపులు గూటానికి తగిలించి వాటి కింద్నే కూసుంటాడు సారూ. అన్నం తినప్పా అంటే తింటాడు. లెయ్యప్పా అంటే లేస్తాడు. ఆయప్పంతట ఆయప్ప ఏమీ అడగడు" అంది.

ఆ చలికాలంలో, పాలిథిన్‌కు బదులు వేరే కుండీలను ప్రయత్నించి చూడమని పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. మట్టి కుండీలు బరువు, బండిలో పగిలిపోతాయి. కొబ్బరి పీచువి దూరం నుంచి తెప్పించాలి, ఖరీదు. నేను పాత వార్తాపత్రికల కుండీలు ఎంచుకున్నాను. చెయ్యడానికి యంత్రం అక్కర్లేదు, కవరు చీల్చే పని ఉండదు, కుండీతో సహా నాటితే కాగితం మట్టిలో కరిగిపోతుంది. ఇంకొక లాభం కూడా ఉంది. పాలిథిన్ కవరులో తల్లివేరు అడుగు తగలగానే గుండ్రంగా చుట్టుకుంటుంది, అలా చుట్టుకున్న చెట్టు పెద్దయ్యాక గాలికి నిలవదు. కాగితంలో వేరు దారి చేసుకుని నేరుగా దిగుతుంది. రేంజ్ ఆఫీసరు నా ప్రతిపాదన చదివి, నర్సరీలో సగం మళ్లకు మాత్రం ఒప్పుకున్నాడు. మిగతా సగం కవర్లలోనే ఉండాలన్నాడు. జాగ్రత్తపరుడు. ఆ జాగ్రత్త తప్పని నేనెప్పుడూ అనలేదు.

పని సంక్రాంతి ముందు మొదలుపెట్టాలి. ఆ ప్రాంతంలో సరిగ్గా అప్పుడే ఊళ్లు ఖాళీ అవుతాయి. పత్తి తీతలు అయిపోగానే జనం పిల్లాజెల్లాతో లారీలెక్కి గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు. దాన్ని సుగ్గి అంటారు. ఇళ్లకు తాళాలు పడతాయి, బడిలో పిల్లలు సగం కూడా ఉండరు, మళ్లీ ఉగాది దాటాకే వస్తారు. ఎద్దులు లేని లింగప్ప కుటుంబం కూడా ఆ ఏడు మొదటిసారి సుగ్గికి పోవడానికి సిద్ధమవుతోంది. కూలీలు కావాలని నేను పల్లెలో చాటింపు వేయించిన రోజున ఉరుకుందమ్మ నర్సరీకి వచ్చింది.

"ఎన్నాళ్లుంటాది సారూ ఈ పని?"

వానాకాలం నాటే దాకా ఉంటుందన్నాను.

"అట్లయితే మేము సుగ్గికి పోము. పాప తొమ్మిదో తరగతి సదువుతాండాది. నడమల ఇడిపిస్తే ఇంగ అది బడికి పోదు. మాయప్పకు గూడా ఏదన్నా పని సూడండి."

లింగప్పను నీళ్లు పట్టే వాచరుగా పెట్టుకున్నాను. ఆయన నల్ల కవర్ల మళ్ల వైపు వెళ్లేవాడు కాదు. ఆ సగానికి వేరే మనిషిని పెట్టాల్సి వచ్చింది.

కుండీ చేయడం చూడటానికి సులువుగా ఉంటుంది. దినపత్రిక షీటును సగానికి చించి, నిలువునా మూడు మడతలు వేసి, పిడికిట్లో పట్టేంత కొయ్య దిమ్మ చుట్టూ బిగువుగా చుట్టాలి. దిమ్మ అడుగున మిగిలిన అంచును నాలుగు వైపుల నుంచీ లోపలికి మడిచి, బండ మీద గట్టిగా ఒత్తి, దిమ్మను లాగేయాలి. బంక, దారం ఏవీ వాడకూడదు. రంగుల మెరుపు కాగితం పనికిరాదు, అది నీళ్లు పీల్చదు. ఎర్రమట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపి నింపి, కుండీలను ఒకదానికొకటి ఆనించి వరసగా పేర్చాలి. విడిగా పెడితే తడికి ఒరిగిపోతాయి. నీళ్లు పైపుతో కొట్టకూడదు, చిల్లుల మూతి డబ్బాతో చిలకరించాలి.

షెడ్డులో కూర్చుని ఆడవాళ్లు కుండీలు చుట్టేవారు. కొన్ని పేజీలు వాళ్లు చుట్టేవాళ్లు కాదు. దేవుడి బొమ్మలున్నవి తీసి రేకు మీద పెట్టేవారు. ఎరువు మట్టి నింపడానికి చేతులు రావని చెప్పారు. అది నేను ఊహించినదే. చనిపోయినవాళ్ల ఫొటోలు వేసే పేజీలను కూడా ఉరుకుందమ్మ పక్కన పెట్టడం చూసి ఎందుకని అడిగాను. "వాళ్లను ఒకతూరి మట్టిలో పెట్టినారు గదా సారూ. మళ్లా మనమేల పెట్టేది" అంది.

వాళ్ల అమ్మాయి సుజాత బడి వదలగానే నేరుగా నర్సరీకి వచ్చేది. తల్లి పక్కన కూర్చుని, చించబోయే పేపర్లలోంచి పాత వార్తలు పైకి చదివేది. ఎక్కడో పెళ్లిలో తేలు కుట్టిన పెళ్లికొడుకు, ఎప్పుడో జరిగిన గేదెల దొంగతనం. ఆడవాళ్లు నవ్వేవాళ్లు. లింగప్ప మొదట్లో దూరంగా బోరు దగ్గరే ఉండేవాడు. తర్వాత షెడ్డు గుంజకు ఆనుకుని వినడం మొదలుపెట్టాడు. ఒకరోజు "ఆ గేదెలు దొరికినాయా లేదా, మరుసటి రోజు పేపరులో సూడు పాపా" అన్నాడు. ఉరుకుందమ్మ చేతిలో దిమ్మ ఆపి నా వైపు చూసింది. ఆయనంతట ఆయన ఒక మాట అడిగి అప్పటికి ఎన్ని నెలలయిందో ఆమెకే తెలుసు.

ఎండలు ముదిరాక, నారుమడిలో మొలిచిన చింత, కానుగ మొలకలను కుండీల్లోకి మార్చాం. లింగప్ప ఎంత పొద్దున నీళ్లు పట్టేవాడంటే, నేను వెళ్లేసరికి కాగితాలు తడిసి బూడిదరంగులో ఉండేవి. మొక్కలు చక్కగా లేచాయి. మే నెల చివర్లో ఒక కుండీని ఎత్తి చూపించాడు. కాగితం లోంచి తెల్లటి వేళ్లు సూదుల్లాగా బయటికి వచ్చి ఉన్నాయి. కాగితపు కుండీకి అదే గుర్తు. అక్కడి నుంచి కొద్ది వారాల్లో నేలలో పెట్టాలి. రేంజ్ ఆఫీసరు వచ్చి చూసి సంతోషించాడు. వచ్చే ఏడు నర్సరీ మొత్తం ఇలాగే చేద్దామన్నాడు. ఆ మాట విని ఉరుకుందమ్మ, "అయితే పాప పది గూడా అయిపోతాది" అంది.

గుంతలు తవ్వించాను. గుంతలో జానెడు లోతు తడి దిగనిదే నాటకూడదని మా నిబంధన. జూన్ మొదట్లో ఒక వాన పడింది. గడ్డపారతో పొడిచి చూస్తే నాలుగు వేళ్ల లోతు మాత్రమే తడి. రెండో వాన కోసం చూశాం. పడలేదు. జూన్ అయిపోయింది. మబ్బులు పడమటి నుంచి వచ్చేవి, మా మీదుగా పోయేవి, మధ్యాహ్నానికి ఆకాశం ఖాళీ అయ్యేది. రైతులు విత్తనానికి వేరుశనగ కాయలు వలిచి పెట్టుకుని ఇళ్లలో కూర్చున్నారు.

నల్ల కవర్ల మొక్కలకు ఏ ఇబ్బందీ లేదు. నాటడం ఆలస్యమైతే నెలకోసారి కవర్లను ఎత్తి పక్క మడికి మారుస్తాం. దాన్ని షిఫ్టింగ్ అంటాం. అడుగున నేలలోకి పోబోయే వేళ్లు తెగిపోతాయి, మొక్క కవరులోనే ఉండిపోతుంది. అలా ఏడాది కూడా ఉంచవచ్చు. కాగితపు కుండీని అలా కదపడానికి లేదు. రెండు నెలల తడికి అది పండిన ఆకులాగా మెత్తబడింది. వేళ్లు కాగితం దాటి మడి నేలలోకి దిగాయి. ఎత్తబోతే చేతిలో కాగితం ఒకటే వచ్చేది. నీళ్లు పడితే ఇంకా చివుకుతుంది, పట్టకపోతే మొక్క ఎండుతుంది.

ట్యాంకరు నీళ్లతోనైనా నాటిద్దామని రేంజ్ ఆఫీసరును అడిగాను. అప్పటికి ఆ చుట్టుపక్కల పల్లెలకు తాగే నీళ్లే ట్యాంకర్లతో వెళ్తున్నాయి. "బిందెలు వరసలో పెట్టుకుని కూర్చున్నవాళ్ల ముందు నుంచి మొక్కలకు ట్యాంకరు తీసుకుపోగలవా?" అని అడిగాడు. తీసుకుపోలేనన్నాను.

జులై నడుమలో లింగప్ప నా దగ్గరికి వచ్చాడు.

"సారూ, ఈడ్నే ఎండబెట్టేకన్నా మా చేను గట్టున పెట్టుకుంటాము. నీళ్లు మేమే మోసుకుంటాము."

"ఎన్నాళ్లు మోస్తావు లింగప్పా? వాన ఎప్పుడొస్తుందో తెలియదు."

"వచ్చేదాకా మోస్తాము."

రేంజ్ ఆఫీసరును ఫోనులో అడిగి ఒప్పించాను. మిగతా కూలీల్లో ఇద్దరు ముగ్గురు కూడా తలా కొన్ని తీసుకున్నారు. ఎత్తితే విడిపోయే కుండీలను మట్టితో సహా పారతో కోసి, తట్టల్లో గోనె పరిచి మోసుకుపోయారు. లింగప్ప చేను గట్టంతా, బాట పొడుగునా నాటుకున్నాడు. పొద్దున, సాయంత్రం నర్సరీ బోరు నుంచి భార్యాభర్తలు బిందెలతో నీళ్లు మోసేవారు. సుజాత బడికి పోయే ముందు ఒక బిందె, వచ్చాక ఒక బిందె మోసేది. ఆమె బడి గౌను భుజం ఎప్పుడూ తడిసి ఉండేది.

ఆగస్టు మొదట్లో ఊరి బోరు ఎండిపోయింది. పంచాయతీ వాళ్లు నర్సరీ బోరును తాగునీటికి తీసుకున్నారు. అది నీళ్లు పోసేది సన్నగా, కొద్దిసేపే. నర్సరీలో కవర్ల మొక్కలు బతికేందుకు మాత్రం రోజూ కాసిన్ని వదిలేవారు. అడిగితే ఇవ్వక తప్పదు, ఇవ్వాల్సిందే కూడా. లింగప్ప కూడా ఊరి వాడే గనక నోరెత్తలేదు. తమ ఇంటికి వచ్చే బిందెల్లోంచి ఒకటి మొక్కలకు మోయసాగాడు.

కొన్నాళ్లకు ఉరుకుందమ్మ నర్సరీకి వచ్చి నిలబడింది. "సారూ, ఒకతూరి చేనుకాడికి రండి. ఆయప్పకు మీరు చెప్పాల. నేను చెప్తే ఇనడు" అంది.

నేను వెళ్లేసరికి లింగప్ప గట్టు మీద గొంతు కూర్చుని ఉన్నాడు. మొక్క బతికిందో లేదో తెలియాలంటే బొటనవేలి గోటితో కాండం మీద కొంచెం గీకి చూస్తాం. బెరడు కింద పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు, గోధుమరంగు వస్తే పోయినట్టు. ఆ పని ఆయనకు నర్సరీలో నేనే నేర్పాను. ఒక్కో మొక్క దగ్గర ఆగి గీకుతున్నాడు. కొన్నింటిని ఎన్నిసార్లు గీకాడో, పుల్లకు బెరడే మిగల్లేదు.

"ఇదో సారూ, పచ్చగుండాది" అన్నాడు.

వంగి చూశాను. పచ్చదనం లేదు. పక్కదాన్ని గీకాను, దాని పక్కదాన్ని గీకాను. గట్టు పొడుగునా ఆయన చూస్తుండగా గీకుతూ నడిచాను. నోటితో చెప్పడం కన్నా అదే మేలనిపించింది. గట్టు చివరికి వచ్చేసరికి ఆయన నా వెంట రావడం మానేసి మధ్యలోనే నిలబడిపోయాడు. వెనక్కి వెళ్లి, "ఇంక నీళ్లు పోయొద్దు లింగప్పా. ఇంట్లో తాగండి" అన్నాను.

ఆయన బొటనవేలి గోరును పంచెకు తుడుచుకున్నాడు. తర్వాత, "నర్సరీలో ఆ నల్ల కవర్లవి ఎట్లుండాయి సారూ?" అని అడిగాడు.

"బాగానే ఉన్నాయి."

"అవి ఆగినాయి" అన్నాడు. బిందె తీసుకుని ఇంటివైపు నడిచాడు. ఉరుకుందమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా ముందు నుంచే ఆయన వెనక వెళ్లింది.

సెప్టెంబరు చివర్లో వాన వచ్చింది. వరసగా మూడు రోజులు పడింది. కాంట్రాక్టరు కూలీలను పిలిచి కవర్ల మొక్కలు నాటించాం. నేను దగ్గరుండి చీల్చిన ప్రతి కవరునూ సంచుల్లో వేయించాను. కాగితపు కుండీల లెక్కను ప్రయోగ నష్టం కింద రాసి పంపితే, మారు మాట లేకుండా ఆమోదం వచ్చింది. వచ్చే ఏడు నర్సరీ మొత్తం పాలిథిన్‌లోనే పెంచమనీ, ఖాళీ కవర్లు తిరిగి అప్పగిస్తేనే కూలి చెల్లించమనీ ఉత్తర్వు వచ్చింది. కుండీలు చుట్టే పని ఇక లేదు.

సంక్రాంతి ముందు లింగప్ప కుటుంబం సుగ్గికి బయలుదేరింది. లారీ ఊరి ముందు ఆగిన రోజున నేను అటు పని మీద వెళ్లాను. సామాను, వంటపాత్రలు ఎక్కించారు. సుజాత బడి సంచిలో బట్టలు కుక్కి, దాన్ని వొళ్లో పెట్టుకుని కూర్చుంది. పదో తరగతిలో ఉంది అప్పటికి. నేను బడికి వెళ్లి, తనను పరీక్షలు రాయనిచ్చేలా పంతులుగారితో మాట్లాడనా అని అడిగాను. "నేనొక్కదాన్నే ఈడ యాడుండేది సారూ" అంది. తండ్రి లారీకి అవతలి వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను పిలిస్తే తల తిప్పి చెయ్యెత్తాడు, అంతే.

ఆ వేసవి తర్వాత నన్ను మైదుకూరు వైపు వేశారు. అక్కడ కాలవ కింద రైతులకు బొప్పాయి నారు పెంచడానికి అవే కాగితపు కుండీలు చేయించాను. అక్కడ ఒక్కటీ పోలేదు. కుండీ చివికే నాటికి కాలవలో నీళ్లుండేవి, రైతు తనకు వీలైన రోజున నాటుకునేవాడు. చాలామంది అధికారులు వచ్చి చూశారు. మెచ్చుకుంటున్నప్పుడు నాకు పెద్దగా సంతోషం కలిగేది కాదు, దిగులుగానే ఉండేది.

ఉరుకుందమ్మను ఒకసారి ఆదోని బస్టాండులో చూశాను. గుంటూరు వైపే ఒక మిరపకాయల గిడ్డంగిలో కాపలాకు కుదిరారట, ఏడాదంతా అక్కడే ఉంటున్నారట. చేను కౌలుకిచ్చారు. సుజాత అదే గిడ్డంగిలో కాయలు ఏరుతోందట. పరీక్షలు రాయలేదు. లింగప్ప ఎలా ఉన్నాడని అడిగాను. "బాగుండాడు సారూ. సేద్యం మాట మాత్రం ఎత్తడు" అంది. బస్సు వచ్చింది, ఎక్కింది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగినవి రెండు. కరిగిపోయే కుండీ మంచిదే, కానీ అది నీళ్లు చేతిలో ఉన్న నేలకు మంచిది. వాన మీదే ఆధారపడిన చోట, ఆలస్యాన్ని తట్టుకునే కుండీ ఏదో చూసుకున్నాకే మిగతా గుణాలు చూడాలి. రెండోది, ప్రయోగం మొదలుపెట్టే ముందు అది విఫలమైతే నష్టం ఎవరి మీద పడుతుందో తేల్చుకోవాలి. ఆలూరు ప్రయోగంలో మా శాఖకు ఒక పద్దు తగ్గింది. పని నమ్ముకుని ఊళ్లో ఉండిపోయిన కుటుంబానికి తర్వాతి ఏడు బతుకుతెరువు ఏమిటన్నది ఏ కాగితంలోనూ లేదు. ఆ తర్వాత నేను పంపిన ప్రతి ప్రతిపాదన చివర ఆ ప్రశ్న ఒక వాక్యంగా రాస్తూ వచ్చాను. ఒకటి రెండుసార్లు జవాబు వచ్చింది. ఎక్కువసార్లు ఆ వాక్యాన్ని తీసేసి మళ్లీ పంపమన్నారు. నేను తీయకుండానే పంపాను.